వీపు తిప్పినవాళ్ళు

రాయి నడిచిందని లోనీ అనగానే హాసెల్‌బ్రున్ పంచాయతీ హాలంతా గొల్లున నవ్వింది.

"నడిచిందా, పరిగెత్తిందా?" అని వెనక బల్ల మీంచి కసాయి కోర్బీనియన్ అడిగాడు. "కాలి సైజు చెప్తే చలికాలానికి బూట్లు మేం కొనిపెడతాం."

లోనీ వెనక్కి తిరిగి చూడలేదు. అరవై దాటిన ఆడమనిషి, పొడగరి, ఎక్కడ కూర్చున్నా చుట్టూ మైనం వాసన. "ఆ రాయి మీద కూర్చుని నేను చిన్నప్పుడు రొట్టె తిన్నాను. అప్పుడు ఊట మా వైపుండేది. ఇప్పుడు మీ వైపుంది. ఊట లేచి నడవదు కదా. మరి నడిచిందేమిటి?"

ఈసారి కూడా నవ్వారు గాని, ఇందాకటంత కాదు. ముందు వరసలో కూర్చున్న రోస్వితా కూడా నవ్వింది. నవ్వాక సిగ్గేసింది.

జిల్లా అధ్యక్షుడు ఎగ్లోఫ్ గారు మాత్రం నవ్వలేదు. వసంతంలో ఎన్నికలు పెట్టుకున్నవాడు ఓటున్న మనిషిని చూసి నవ్వుతాడా? గోడ మీద జిల్లా పటం వేలాడదీయించి అప్పటికే గంటసేపు మాట్లాడాడు. రెండు పాత జిల్లాలను కలిపి కుట్టిన బొంత మన జిల్లా, ఏభై ఏళ్ళయినా ఆ కుట్టు ఇంకా కనిపిస్తూనే ఉంది, జనం ఇప్పటికీ కార్ల నంబరు పలకల మీద పాత జిల్లా అక్షరాలే అడిగి వేయించుకుంటున్నారు, అన్నాడు. మనకి మఠం ఉంది, కూలిన కోట ఉంది, రెండు మలుపులు తిరిగే ఏరుంది, లేనిదల్లా ఇవన్నీ ఒక్కచోట నిలబడి చూసే వీలు, అన్నాడు. అందుకని ఊరి పైనున్న సన్యాసిని గుట్ట మీద బురుజు కట్టిస్తాడట. గుట్ట కింద కార్లు ఆపుకునే చోటు. ఆ చోటే ఊట పక్క పచ్చిక. అందులోనే లోనీ తేనెటీగల పెట్టెలు.

ఆ పచ్చికలో సగం ఊరిది, సగం లోనీది. మధ్యన పొలిమేర రాయి. రాయి సరైన చోట ఉంటే ఊట, పెట్టెలు పెట్టుకున్న జాగా రెండూ ఊరివే. సోమవారం యంత్రాలు దిగుతాయి. రాయి జరిగిందని తేలితే అవన్నీ లోనీవి, బురుజు మాట మరిచిపోవచ్చు. పెట్టెలు ఇంకోచోట పెట్టుకోవే అంటే, చలికాలమంతా ఎండ తగిలేదీ గాలి తగలనిదీ ఆ మూల ఒక్కటే అంటుంది లోనీ. అది నిజమేనని నవ్వినవాళ్ళందరికీ తెలుసు.

పాత పటాలు యుద్ధంలో తగలబడ్డాయి, కొత్తవి గీసేటప్పుడు రాయి ఎక్కడుంటే అక్కడే గీత గీశాం, అని కొలతల ఆఫీసు ఆయన చేతులెత్తేశాడు. ఇక చెప్పాల్సింది ఊరి పొలిమేర రాళ్ళు చూసుకునే ఏడుగురే.

ఏడుగురి పెద్ద వెండెలిన్ లేచి నిలబడ్డాడు. ఎనభై దాటినా నిటారు మనిషి. ఆ రోజెందుకో ఒక చేత్తో నడుం పట్టుకున్నాడు. "శుక్రవారం పొద్దున తవ్వుతాం. సాక్షులు చెప్తాయి" అని కూర్చున్నాడు.

సాక్షులంటే మనుషులు కారు. ఆ ప్రాంతంలో ప్రతి పొలిమేర రాయి కిందా ఏడుగురు ఏవో గుర్తులు పూడుస్తారు. అవేమిటో, ఏ వరసలో పెడతారో ఏడుగురికి తప్ప ఎవరికీ తెలియదు. కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పరు, కాగితం మీద పెట్టరు. రాయి తవ్వేటప్పుడు పక్కనున్న వాళ్ళు, దొరగాని బిచ్చగాడు గాని, వీపు తిప్పి నిలబడాలి. గుర్తులు ఉండాల్సినట్టు ఉంటే రాయి తన చోట ఉన్నట్టు. లేకపోతే ఎవడో జరిపినట్టు. ఏడుగురూ ఒక్కమాటగా చెప్పాలి. చచ్చేదాకా ఆ పదవి.

రోస్వితా తండ్రి బుర్కార్ట్ చచ్చేదాకా చేశాడు. ఈస్టర్ ముందు పోయాడు. ఆ ఖాళీలో రోస్వితాను వేశారు. జిల్లా రోడ్ల డిపోలో లారీ తోలే మనిషి, గునపం పట్టడం కొత్త కాదు. పైగా వెండెలిన్ ఆమెకు జ్ఞానతండ్రి, బాప్తిస్మమప్పుడు ఎత్తుకున్నవాడు. పంచాయతీ జరిగిన ఆ సాయంత్రమే చెయ్యెత్తి ప్రమాణం చేసింది. తర్వాత ఆయన ఆమెను చర్చి వెనక్కి తీసుకెళ్ళి, టోపీ తీసి, చెవిలో రహస్యం చెప్పాడు. అర నిమిషం పట్టలేదు.

"ఇంతేనా, మావయ్యా?"

"ఇంతే. ఇంతకోసమే మనూరు నాలుగొందల ఏళ్ళుగా కొట్టుకు చావకుండా ఉంది" అన్నాడు. తర్వాత ఏదో చెప్పబోయి మింగేశాడు.

మర్నాడు పొగమంచు కమ్మింది. అక్టోబరు చివర ఆ లోయలో మంచు దిగిందంటే మధ్యాహ్నం దాకా లేవదు. రోస్వితా గుట్ట కింది జిల్లా రోడ్డు పక్కన మంచుగుర్తు కర్రలు పాతుతోంది. చలికాలంలో మంచు కురిసి రోడ్డును కప్పేస్తే అంచెక్కడో తెలిసేది వాటివల్లే. గునపంతో గుంట పొడవడం, కర్ర దించడం, సమ్మెటతో రెండు దెబ్బలు, లారీని కాస్త ముందుకు జరపడం. వెనక పాతిన కర్ర అప్పుడే కనిపించడం మానేసింది.

సమ్మెట దించి ఊపిరి పీల్చుకుంటుంటే, ఇంకెవరిదో ఊపిరి వినిపించింది.

పచ్చిక వైపునుంచి. బరువెత్తే మనిషి తీసే ఊపిరి. ఒక మూలుగు, కాసేపు ఏమీ లేదు, మళ్ళీ మూలుగు. రోస్వితా కంచె దాటి నాలుగడుగులు వేసింది. మంచులో పొలిమేర రాయి నల్లగా కనిపించింది. దాని మీదికి ఎవరో వంగి ఉన్నారు. వెడల్పు అంచు టోపీ, పక్కన ఈక. ఏడుగురి టోపీ అది. ఆ వంగడంలో, మోకాలు ముందుకు పెట్టి భుజం ఆనించడంలో, ఆమెకు తన తండ్రి కనిపించాడు. ఆయనా అలాగే వంగేవాడు.

"ఎవరది?" అంది.

మూలుగు ఆగిపోయింది. ఆకారం అలాగే వంగి ఉండిపోయింది, ఉలుకూ పలుకూ లేదు. మంచు ఒక పొర దట్టంగా వచ్చి పోయింది. పోయేసరికి అక్కడ రాయి తప్ప ఏమీ లేదు. పారిపోతున్న అడుగుల చప్పుడు కూడా లేదు.

దగ్గరికి వెళ్ళి చూసింది. రాయి మొదట్లో ఒకపక్క నాచు గీరుకుపోయి ఉంది. మట్టి కొద్దిగా కదిలింది, తడి మట్టి, పచ్చి వాసన. పగలే, తన ఊళ్ళోనే, తను పుట్టి పెరిగిన గుట్ట కింద అంత భయం వేసినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. మిగతా కర్రలు అడ్డదిడ్డంగా పాతేసి ఇంటికెళ్ళి, ముందు వాకిట్లో మేకు వైపు చూసింది. తండ్రి టోపీ దానికే వేలాడుతోంది. ఈక మీద దుమ్ము, అంచు పొడిగా ఉంది. అమ్మయ్య అనుకుంది గాని, ఏమనుకుని అమ్మయ్య అనుకుందో తనకే తెలియలేదు.

సాయంత్రం మనసాగక లోనీ దగ్గరికి వెళ్ళింది. లోనీ పెట్టెల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చలికాలంలో ఎలుకలు దూరకుండా ప్రతి పెట్టె వాకిలికీ చిల్లుల రేకు బిగిస్తోంది. ఒక్కో రేకు బిగించాక పెట్టెను వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వింటోంది.

"ఎందుకొచ్చావో తెలుసు" అంది తలెత్తకుండా. "నువ్వూ చూశావు."

"ఏం చూశాను?"

"అట్లా అడుగుతున్నావంటే చూశావన్నమాటే. నెలరోజులుగా వస్తున్నాడు. మంచు పడ్డ పొద్దుల్లో వస్తాడు. రాయిని పట్టుకుని మూలుగుతాడు, పోతాడు. వచ్చినప్పుడల్లా ఇవి నోరు మూసుకుంటాయి." పెట్టె మీద అరచెయ్యి పెట్టింది. "మామూలుగా తడితే బుస్సుమంటాయా, ఆ పొద్దుల్లో ఉలకవు."

"ఎవరక్కా వచ్చేది?"

లోనీ రేకు బిగించడం ఆపింది. "మీ నాన్న."

రోస్వితా రెండడుగులు వెనక్కి వేసింది.

"నీ మనసు కష్టపెట్టాలని కాదమ్మా. బుర్కార్ట్ చెడ్డవాడు కాదు. దారిలో ఎదురైతే నా కళ్ళల్లోకి చూసేవాడు కాదు, అంతే. నలభై, ఏభై ఏళ్ళు చూడలేదు. మా ఊళ్ళో ఒక మాటుంది, రాయి జరిపినవాడు చచ్చినా వాణ్ణి మట్టి పట్టి ఉంచదని."

"మీ ఊరు, మా ఊరు ఏమిటి ఇంకా? అంతా ఒక్క జిల్లాయేగా."

"అప్పుడు కాదుగా. ఈ రాయి దగ్గరే మీ జిల్లా అయిపోయి మాది మొదలయ్యేది. జిల్లాలు కలిపేస్తారని గాలికబురు రాగానే, ఏ గుట్ట ఏ ఊరికి పోతుందోనని జనానికి నిద్రలు లేవు. ఆ చలికాలమే రాయి జరిగింది. మా నాన్న రెండు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. కలిపేస్తున్నాంగా, ఇంక గీతతో పనేమిటి పొమ్మన్నారు." లోనీ నవ్వింది. "దొంగిలించిన పొలిమేర ఆరు నెలలు కూడా నిలవలేదు. నా పచ్చిక మాత్రం పోయింది. అడిగితే పిచ్చిదన్నారు. సరే, పిచ్చిదాన్నే. రేపు యంత్రమొచ్చి వీటిని ఎత్తి పారేస్తే పిచ్చిది ఎక్కడికి పోవాలో అది కూడా మీ ఏడుగురే చెప్పండి."

అక్కణ్ణించి రోస్వితా తిన్నగా వెండెలిన్ ఇంటికి వెళ్ళింది. ఆయన వంటింట్లో బల్ల ముందు నొప్పి తగ్గడానికి పిల్లి చర్మం నడుముకు చుట్టుకుని కూర్చున్నాడు. ముందు వేయించిన చేప, ముట్టలేదు. పొయ్యి పక్కన బూట్లు ఆరేసి ఉన్నాయి.

"నడుం పట్టేసిందా, మావయ్యా?"

"వయసు పట్టేసింది."

పొద్దున చూసింది చెప్పింది. లోనీ అన్నదీ చెప్పింది. ఆయన ముల్లు తీస్తున్నట్టు చేపను కెలుకుతూ విన్నాడు.

"లోనీ మాటలు పట్టుకుంటావా?"

"రాయి నిజంగా జరిగుంటే?"

"జరిగుంటే, ఎవరు జరిపారని అడుగుతారు. అడిగితే ఎవరో ఒకరి పేరు కావాలి. బతికున్నవాడి మీద వేస్తే వాడు తిరగబడతాడు. చచ్చినవాడైతే నోరెత్తడు. ఊరు ఎవణ్ణి ఎంచుకుంటుందో నీకు చెప్పాలా? మీ నాన్న పోయి ఏడాది తిరక్కముందే ఆయన్ని దొంగ అంటారు. ఆయన ఆఖరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని అమ్మాయిని చూసుకో అన్నాడు. నేను చూసుకుంటున్నాను. శుక్రవారం నీ వంతు ఆఖరు. ముందువాళ్ళు ఏమంటే నువ్వూ అదే అను."

ఆ మాటలో బెదిరింపుందో ప్రేముందో రోస్వితాకు తేలలేదు. రెండూ ఉన్నాయనిపించింది.

శుక్రవారం మంచు ఇంకా దట్టంగా దిగింది. పచ్చికలో ఎగ్లోఫ్ గారు, కొలతల ఆఫీసు ఆయన, పత్రిక నుంచి వచ్చిన అమ్మాయి, కోర్బీనియన్ లాంటి ఓ పాతికమంది. అందరూ మంచులోంచి ఒక్కొక్కరే ఊడిపడుతున్నారు. లోనీ తన పెట్టెల దగ్గర విడిగా నిలబడింది. ఏడుగురూ టోపీలు పెట్టుకుని రాయి చుట్టూ చేరారు. రోస్వితా నెత్తిన తండ్రి టోపీ. కాస్త వదులు.

"వీపులు" అన్నాడు వెండెలిన్.

అందరూ తిరిగారు. ఎగ్లోఫ్ గారు ఒక క్షణం తటపటాయించి, కోర్బీనియన్ చురచురా చూసేసరికి ఆయనా తిరిగాడు. లోనీ అందరికన్నా ముందే తిరిగింది. తన పచ్చిక తనకుంటుందో ఊడుతుందో తేల్చే తవ్వకానికి వీపు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

రోస్వితా, ఇంకొకతను గునపాలు వేశారు. పైమట్టి మెత్తగా వచ్చింది, కిందది బంక. రాయి కదలడానికి నలుగురు పట్టాల్సొచ్చింది. దుంగ అడ్డం పెట్టి, అరచేతులు చీరుకుపోతుంటే పక్కకు వాల్చారు. గుంటలో నీళ్ళు ఊరాయి. వెండెలిన్ సైగ చేస్తే రోస్వితా మోకాళ్ళ మీద వంగి చేత్తో బురద తీసింది. రెండు దోసిళ్ళు, మూడు దోసిళ్ళు. బంకమట్టి తగిలింది. ఇంకా కిందికి తడిమింది. చెట్ల వేళ్ళు తగిలాయి, గులకరాళ్ళు తగిలాయి.

గుర్తులు లేవు.

ఎప్పుడూ లేవు. పెట్టి తీసిన గుంట కూడా కాదది. కింద మట్టి ఎవరి చెయ్యీ పడని మట్టి.

ఆమె తలెత్తింది. వెండెలిన్ ఆమెను చూడటం లేదు. ఆయన కుడిచెయ్యి కోటు జేబులోకి పోతోంది, నెమ్మదిగా. అప్పుడు జరిగింది రోస్వితా చచ్చేదాకా మరిచిపోలేదు. మిగతా అయిదుగురూ, ప్రమాణం చేసినవాళ్ళు, చూడాల్సినవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు చప్పుడు కాకుండా వీపులు తిప్పారు. ఎవరూ చెప్పలేదు. ఆ అయిదుగురిలో పెద్దాయన ముందు తిరిగాడు, అది చూసి పక్కవాడు. తేలు కుట్టిన దొంగల్లా మంచులోకి చూస్తూ నిలబడ్డారు.

గుంట చుట్టూ వీపులే. మొహాలు ఇద్దరివే.

వెండెలిన్ జేబులోంచి తీసింది ఏమిటో చెప్పకూడదు. చెవిలో విన్నదే కళ్ళతో చూసిందని మాత్రం చెప్పొచ్చు. అవి పాతవి, వాడినవి, మట్టి పట్టినవి. ఇప్పటికిప్పుడు చేయించినవి కావు. రాయి జరిపిననాడు అసలు గుంటలోంచి తీసినవి, ఏభై ఏళ్ళుగా ఆయన ఇంట్లోనే ఎక్కడో ఉండి ఉంటాయి. ఆయన కష్టం మీద వంగి వాటిని గుంటలో వరసగా పెట్టాడు. వంగినప్పుడు మూలిగాడు. ఆ మూలుగు రోస్వితా విన్నదే.

మంచులో రాయిని పట్టుకుని పెనుగులాడింది దయ్యం కాదు. తవ్వకం రాకముందే గుర్తులు కిందికి చేరుద్దామని, ఒంటరిగా రాయి ఎత్తలేక, నెలరోజులుగా నడుం విరగ్గొట్టుకుంటున్న ముసలాయన. ఆమెకు ధైర్యం రావాల్సింది పోయి, మొన్నటికన్నా ఎక్కువ భయం వేసింది.

ఆయన లేచి నిలబడి గట్టిగా అన్నాడు. "రాయి తన చోట ఉంది."

"ఉంది" అంది ఒక వీపు.

"ఉంది."

"ఉంది."

నాలుగో అతను గొంతు సవరించుకున్నాడు. "ఉంది." అయిదో అతను అన్నది సరిగా వినపడలేదు గాని అన్నాడు.

ఇక ఆఖరి వంతు. మంచులో ఎవరూ కదలడం లేదు. పెట్టెల దగ్గర లోనీ వీపు కనిపిస్తోంది. ఉన్ని చొక్కాకి మోచేతి దగ్గర చిల్లు. రోస్వితా ఆమె మొహం చూడలేదు, చూసి ఉంటే తేలికయ్యేదేమో. ఒక్కమాట అంటే తండ్రి పేరు మట్టిలో చల్లగా ఉంటుంది. జ్ఞానతండ్రి పేరు, ఊరి పేరు, అన్నీ ఉంటాయి. వెండెలిన్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అను తల్లీ, అని పెదాలతో అన్నాడు.

"లేదు" అంది రోస్వితా.

ఒక్క వీపూ తిరగలేదు. విన్నది సరిగా విన్నామో లేదో తేల్చుకుంటున్నట్టు అందరూ అలాగే ఉండిపోయారు. తిరగమని వెండెలిన్ చెప్పేదాకా తిరగకూడదు మరి. ఆయన చెప్పలేదు. మళ్ళీ వంగాడు. పెట్టినవన్నీ ఒక్కొక్కటే ఏరి, కోటుకి తుడిచి, జేబులో వేసుకున్నాడు.

"మీ నాన్న కూడా ముందు కాదనే అన్నాడు" అన్నాడు, ఆమెకు మాత్రమే వినబడేట్టు. "రెండు రాత్రులు కూర్చోబెట్టి ఒప్పించాను. నీతో కూర్చునే ఓపిక నాకు లేకపోయింది."

రోస్వితాకు ఏడుపొచ్చింది. తండ్రి కాదనుకుని ఇప్పుడే తేలికపడ్డ గుండె మళ్ళీ బరువెక్కింది. ఆ రాయికి ఇందాక నలుగురు పట్టాల్సొచ్చింది. వయసులో ఉన్నవాళ్ళైనా ఇద్దరు లేనిదే కదిలేది కాదు. రెండో కొస ఎవరు పట్టుకున్నారో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"మరి అసలు చోటేది?" అని అడిగింది. గొంతు గట్టిగానే వచ్చింది. "వెతకాలిగా."

"వెతకడమెందుకు" అన్నాడు వెండెలిన్.

ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. పచ్చిక ఎత్తుపల్లాలు చూసుకోలేదు, ఏ చెట్టుతోనూ గురి సరిచూసుకోలేదు. ఊట మీద అడ్డంగా వేసిన చెక్క ఎక్కి దిగి, వీపు తిప్పి నిలబడ్డ జనం ముందునుంచే, ఎగ్లోఫ్ గారి ముక్కుకు ఎదురుగా, లోనీ పెట్టెల పక్కనుంచి తిన్నగా పోయాడు. ఏమీ చూడకూడదని వీపు తిప్పినవాళ్ళందరికీ ఆయన నడక కనిపించింది. మంచులో కళ్ళు మూసుకున్నా తప్పని నడక అది. ఏభై ఏళ్ళలో ఎన్ని పొద్దులు అలా నడిచి ఉంటాడో.

పెట్టెలకు అవతల, ఏ గుర్తూ లేని గడ్డిలో ఆగాడు.

"ఇక్కడ" అన్నాడు.

కోర్బీనియన్ మెడ సాచి ఆ గడ్డి వైపు చూశాడు. లోనీ మాత్రం ఆయన వైపు కాక తన పెట్టెల వైపు చూస్తోంది. చేతులు విప్పి చొక్కా అంచు గట్టిగా పట్టుకుంది.

రోస్వితా గునపం భుజాన వేసుకుని అక్కడికి నడిచింది. మిగతా అయిదుగురూ తలలు వంచుకుని వెనకాలే వచ్చారు. వెండెలిన్ జేబులోవి మూసిన గుప్పిటతో తీసి ఆమె గుప్పిట్లో పెట్టి, పక్కకు జరిగి చోటిచ్చాడు. ఇప్పుడు జనం మొహాలన్నీ ఇటే ఉన్నాయి. చెప్పాల్సిన పెద్దాయన ఉలకడం లేదని ఆమెకు అర్థమైంది.

"వీపులు" అంది రోస్వితా.

అందరూ తిరిగారు. వాళ్ళతో పాటు వెండెలిన్ కూడా తిరిగాడు.